1967 డిసెంబరులో నిలబడి రాయి

తమ్ముడూ,

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జాంబీస్ గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ పాటల మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ మొదటి వాక్యంలోనే ‘విధి ఆడిన వింత నాటకం’ అని రాసేశావు. బ్యాండ్ విడిపోయాక ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ పాట హిట్టయిందని ముందే చెప్పేస్తే, ఆ తర్వాత ఆ ఐదుగురు ఏం చేసినా చదివేవాళ్లు ‘అయ్యో పాపం’ అనుకుంటూ పేజీలు తిప్పేస్తారు. వాళ్లకి ఆ రోజు తెలియనిది నీ కలానికీ తెలియకూడదు.

సెయింట్ ఆల్బన్స్ ఊరి కుర్రాళ్లు 1964లో బ్యాండ్ల పోటీ గెలవడం, డెక్కా రికార్డు కంపెనీలో చేరడం, ‘షీజ్ నాట్ దేర్’ పాట అమెరికాలో రెండో స్థానానికి ఎక్కడం, సొంత దేశంలో మాత్రం 12 దగ్గరే ఆగిపోవడం... వీటికి రెండు పేజీలు ఖర్చుపెట్టావు. అర పేజీ చాలు.

ఆ మిగిలిన చోటు డబ్బుకివ్వు. బ్యాండ్ ఎందుకు విడిపోయిందంటే ‘అభిప్రాయ భేదాలు’ అన్నావు. ఆ మాటలో నాకు మనుషులు కనబడలేదు. పాటలు రాసింది రాడ్ ఆర్జెంట్, క్రిస్ వైట్. కాబట్టి రాయల్టీ వాళ్లిద్దరికీ వచ్చేది. పాడే కాలిన్ బ్లన్‌స్టోన్‌కి, గిటారిస్టు పాల్ అట్కిన్సన్‌కి, డ్రమ్మర్ హ్యూ గ్రండీకి ప్రోగ్రాముల మీద వచ్చేదే ఆధారం. 1965 తర్వాత వచ్చిన రికార్డులు వరసగా పోయేసరికి ఆ ఆదాయమూ పడిపోయింది. కలిసి తిరిగే ఐదుగురిలో ఇద్దరి జేబుల్లో డబ్బుంది, ముగ్గురివి ఖాళీ. అట్కిన్సన్‌కి పెళ్లి దగ్గర పడుతోంది. ఇది రాయి.

మా ఊరి నాటక సమాజం గురించి రాసినప్పుడు నేనూ ‘మనస్పర్థలు’ అని తేల్చేశాను. చాలా ఏళ్ల తర్వాత హార్మోనియం వాయించినాయన చెప్పాడు: రాజు వేషం కట్టినాయనకి డబ్బు నాటకానికి ముందే చేతిలో పెట్టేవాళ్లట. ఈయనకి ఊరికి తిరిగొచ్చాక, అదీ మిగిలితే. ఆ మాట లేని నా వ్యాసం అచ్చులో అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక ‘ఒడెస్సీ అండ్ ఆరకిల్’ ఆల్బమ్. దాన్ని నువ్వు ‘అజరామరం’ అన్నావు, సరే. ఎలా తయారైందో చూపించు. 1967లో సీబీఎస్ రికార్డు కంపెనీ ఇచ్చిన బడ్జెట్ వెయ్యి పౌండ్లు. లండన్‌లోని అబ్బీ రోడ్‌లో స్టూడియో టైమ్ ఖరీదు కాబట్టి పాటలు ముందే బాగా సాధన చేసుకుని వెళ్లేవాళ్లు. చివర్లో కంపెనీ స్టీరియో మిక్స్, అంటే రెండు స్పీకర్లలో విడివిడిగా వినిపించే రూపం కూడా కావాలంది. డబ్బయిపోయింది. ఆర్జెంట్, వైట్ తమ రాయల్టీలోంచి రెండు వందల పౌండ్లు తీసి కట్టారు. కూలిపోతున్న ఇంటికి సున్నం వేయించినట్టు! నీ వ్యాసంలో ఈ సంగతే లేదు.

ఆ ఆల్బమ్‌లోని ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విను. బేస్ గిటార్, ఒక చప్పట, వెంటనే ‘హా’ అని వదిలిన ఊపిరి. పదేపదే అంతే. ఆ పాట పాడేటప్పుడు ఆర్జెంట్ సవరణలు చెబుతూ ఉంటే బ్లన్‌స్టోన్‌కి విసుగొచ్చి, అంత బాగా తెలిస్తే నువ్వే వచ్చి పాడుకో అన్నాడట. అలసిపోయిన మనిషి గొంతది. ‘మధురం’ అనే విశేషణం కొట్టేసి ఆ ఊపిరి గురించి రాయి.

1967 డిసెంబరులో విడిపోయారు. ఆల్బమ్ వచ్చింది 1968 ఏప్రిల్‌లో. అమెరికన్ సంగీతకారుడు అల్ కూపర్ పట్టుబట్టబట్టి అమెరికాలోనూ విడుదలైంది, 1969లో ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ అక్కడ మూడో స్థానం దాకా వెళ్లింది. ఇదంతా నాలుగు వాక్యాల్లో ముగించు. వాళ్ల పేరు పెట్టుకుని అమెరికాలో తిరిగిన నకిలీ బ్యాండ్ల సంగతి ఇంకో వ్యాసానికి దాచుకో, ఇందులో ఇరికించకు. 2019లో వచ్చిన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం కూడా తీసెయ్.

ముగింపు బ్లన్‌స్టోన్ దగ్గర ఉండాలనిపిస్తోంది. బ్యాండ్ పోయాక అతను లండన్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమస్తాగా చేరాడు. ఆ గొంతున్న మనిషి పొద్దున్నే వెళ్లి ఆ కుర్చీలో కూర్చోవడం చూపించు, చాలు. అతని మనసులో ఏముందో నువ్వు కల్పించొద్దు.

తిరగరాసి పంపు. ఆ రెండు వందల పౌండ్లు ఎక్కడ పెట్టావో ముందు అదే చూస్తాను.

ప్రేమతో,
అన్నయ్య