కొరియా పండగ సొల్లాల్‌కి ఏమని చెప్పాలి?

ప్రశ్న: చదువుకోవడానికి సియోల్ వెళ్తున్నాను. అక్కడ పెద్దవాళ్లకు కొరియన్‌లో పండగ శుభాకాంక్షలు ఎలా చెప్పాలండి? తప్పు మాట్లాడతానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండి. ముందు ఒక్కటి నేర్చుకోండి, 'సేహె బోక్ మాని బాదుసెయో', అంటే కొత్త ఏడాదిలో అదృష్టాన్ని మెండుగా అందుకోండి అని. ఇది జనవరి 1కీ, చాంద్రమాన సంవత్సరాది సొల్లాల్‌కీ పనికొస్తుంది. చివరి 'సెయో' మన 'అండి' లాంటి మర్యాద. దగ్గరి స్నేహితులకైతే 'బాదుసెయో' బదులు 'బాదా' చాలు, పెద్దల దగ్గర మాత్రం పొరపాటున కూడా వద్దు. ఎనిమిదో చాంద్రమాసం పున్నమికి పంటల పండగ చుసొక్, అప్పుడు 'చుసొక్ చల్ బోనెసెయో', బాగా గడపండి అని. తిండి పేర్లతో కలిపి నేర్చుకుంటే ఈ మాటలు మర్చిపోరు: సొల్లాల్‌కి బియ్యప్పిండి బిళ్లల సూప్ తొక్‌గుక్, చుసొక్‌కి పైన్ ఆకుల మీద ఆవిరికి ఉడికించే సోంగ్‌ప్యొన్, లోపల నువ్వులు కూరి ఉంటాయి, నాకైతే మన పూర్ణం కుడుములే గుర్తొస్తాయి.