స్టూళ్ళు వచ్చేశాయి, కౌంటర్ ఎంత ఎత్తు పెట్టాలి?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది గుంటూరు, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ తీసుకున్నాం, ఇంటీరియర్స్ నడుస్తున్నాయి. డైనింగ్ పక్కన ఐదడుగుల గోడ ఖాళీగా ఉంది, అక్కడ చిన్న హోమ్ బార్ చేయించుకోవాలని నా కోరిక. 30 అంగుళాల స్టూళ్ళు రెండు ఆన్‌లైన్‌లో తెప్పించేశా. కార్పెంటరేమో కౌంటర్ మూడడుగులు చాలంటాడు, మా ఆవిడేమో పిల్లలున్న ఇల్లు, హాల్లో వద్దు బాల్కనీలో పెట్టుకోమంటోంది. పైన తెల్ల మార్బుల్ వేద్దామనుకుంటున్నా. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు కార్పెంటర్‌కి ఫోన్ చేసి పని ఆపించు. మూడడుగులంటే 36 అంగుళాలు, అది వంటింటి గట్టు ఎత్తు. నీ స్టూలు సీటే 30, ఇక మిగిలింది ఆరంగుళాలు, అందులో పలక మందం పోతే తొడలు కూడా దూరవు. సీటుకీ కౌంటర్‌కీ మధ్య 10 నుంచి 12 అంగుళాలు ఉండాలి కాబట్టి నీ స్టూళ్ళకి 42, అంటే మూడున్నర అడుగులు కావాలి. కానీ స్టూళ్ళు రిటర్న్ చేసే వీలుంటే 24 అంగుళాలవి తెప్పించుకుని కౌంటర్ 36కే ఉంచు, నన్నడిగితే ఇదే మేలు, ఎందుకంటే ఊర్నించి అమ్మానాన్న వస్తే ఆ ఎత్తు స్టూలెక్కలేరు, అదే ఇదైతే పొద్దున పిల్లలు టిఫిన్ కూడా అక్కడే తినేస్తారు. ఏది చేసినా కూర్చునే వైపు పలక ఓ అడుగు బయటికి రానీ, లేకపోతే మోకాళ్ళు చెక్కకి కొట్టుకుంటాయి.

మార్బుల్ మాత్రం వద్దు. మా ఇంట్లో వేయించి బాధపడ్డా, నిమ్మకాయ కోసిన చోటల్లా పాలిష్ పోయి మసకబారింది, పులుపు ఆ రాయిని తినేస్తుంది, ఎంత తుడిచినా రాదు. నల్ల గ్రానైట్ వేసుకో, బెంగళూరు శివార్లలో జిగణి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలు బోలెడున్నాయి, ఓ ఆదివారం వెళ్ళి పలక కళ్ళతో చూసి కోయించుకో. కింద చెక్కకి 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే అడుగు, అది నీళ్ళని తట్టుకునే రకం, తడి తగిలే చోటు కదా.

మీ ఆవిడ భయం న్యాయమైనదే, కానీ బాల్కనీ జవాబు కాదు, ఎండకి వైన్ పాడవుతుంది, జల్లుకి చెక్క ఉబ్బుతుంది. సీసాలు పైఅరలో పెడితే చాలనుకోకు, పిల్లలు ఎక్కడానికి నీ స్టూలే నిచ్చెన అవుతుంది. గాజు తలుపులు కాకుండా నిండు చెక్క షట్టర్, దానికి తాళం, తాళంచెవి మీ ఆవిడ దగ్గర. ఇది ఒప్పుకుంటేనే హాల్లో కట్టించు.

అరల మధ్య 14 అంగుళాలు వదిలితే మామూలు ఫుల్ బాటిల్ హాయిగా పడుతుంది. నిండు బాటిల్ కేజీ పైనే తూగుతుంది, ఇరవై పెడితే పాతిక కేజీల దాకా లెక్క, అందుకని ఐదడుగుల అర మధ్యలో ఒక సపోర్ట్ ఖచ్చితంగా పెట్టించు. కార్క్ ఉన్న వైన్ పడుకోబెట్టాలి కార్క్ ఎండకుండా, విస్కీ రమ్ము నిలబెట్టాలి, వాటి ఘాటుకి కార్క్ చివికిపోతుంది. అన్నట్టు మీ దగ్గర బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో అయితే కడిగిన గ్లాసుల మీద తెల్ల మరకలు కడతాయి, వెనిగర్ నీళ్ళలో కాసేపు ఉంచి కడిగి వెంటనే పొడి గుడ్డతో తుడువు.

చిన్న ఫ్రిజ్ పెట్టే ఆలోచనుంటే పెయింటింగ్ కాకముందే గోడ కొట్టించి ప్లగ్ పాయింట్ వేయించుకో, అదీ ఫ్రిజ్ వెనక కాదు, చెయ్యి అందేలా పక్క అరలో.