వాల్‌గ్రైండ్ లీక్ లేదంటోంది, సర్వర్ మెమరీ మాత్రం పెరుగుతూనే ఉంది

సీ ప్లస్‌ప్లస్‌లో రాసిన మల్టీథ్రెడెడ్ సర్వర్, రెండు మూడు రోజులకోసారి మెమరీ నిండిపోయి కెర్నల్ దాన్ని చంపేయడం, మెమరీ తప్పులు పట్టే టూల్ వాల్‌గ్రైండ్‌లో చూస్తే లీక్ (తీసుకుని తిరిగివ్వని మెమరీ) సున్నా. మీరు రాసింది చదువుతుంటే మా పాత ప్రాజెక్టే గుర్తొచ్చింది, అప్పట్లో ఆ టెన్షన్‌తో మాకు సరిగ్గా నిద్ర కూడా ఉండేది కాదు.

ముందు ఆ సున్నాని నమ్మడం మానేయండి. వాల్‌గ్రైండ్ లెక్కేసేది ప్రోగ్రామ్ ముగిసేసరికి ఫ్రీ కాకుండా మిగిలిపోయిన మెమరీని. సర్వర్ ఆబ్జెక్టులో ఒక మ్యాప్ రోజుల తరబడి పెరుగుతూ పోయి, ఆపేటప్పుడు డిస్ట్రక్టర్ (ఆబ్జెక్టు ముగిసేటప్పుడు నడిచే ఫంక్షన్) దాన్ని మొత్తం ఖాళీ చేసేస్తే రిపోర్టులో ఏమీ కనిపించదు. పైగా అది ఒకసారికి ఒక థ్రెడ్‌నే నడుపుతుంది, అసలు లోడ్‌లో థ్రెడ్‌లు ఒకదానికొకటి అడ్డుపడే తీరు అక్కడ రానే రాదు.

మేం మొదట అనుమానించింది జీలిబ్‌సీ అలొకేటర్‌ని, అంటే లినక్స్‌లోని సీ లైబ్రరీలో ప్రోగ్రామ్‌కి మెమరీ పంచే భాగాన్ని. థ్రెడ్‌లు లాక్ కోసం కొట్టుకోకుండా అది విడివిడిగా అరీనాలు (మెమరీ నిల్వలు) పెడుతుంది, 64 బిట్ మెషీన్‌లో కోర్ల సంఖ్యకు 8 రెట్ల దాకా, అంటే 16 కోర్లుంటే 128. మీరు ఫ్రీ చేసిన మెమరీ చాలాసార్లు ఆ అరీనాలోనే ఉండిపోతుంది, ఓఎస్‌కి తిరిగి వెళ్లదు. ప్రాసెస్ మెమరీ పటం చూపించే పీమ్యాప్ కమాండ్‌లో 64 ఎంబీ ముక్కలు వరసగా కనిపిస్తే ఇదే. అరీనాల సంఖ్యకు హద్దు పెట్టే మాలాక్ అరీనా మ్యాక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 2కి పెట్టి చూడండి, ఐదు నిమిషాల పని. మాకు మెమరీ బాగానే తగ్గింది, సమస్య తీరిపోయిందనుకున్నాం, కానీ తగ్గింది మెమరీ మొదలయ్యే స్థాయి మాత్రమే, అక్కడి నుంచి పెరగడం ఆగలేదు.

అప్పుడు జెమాలాక్ అనే మరో అలొకేటర్‌ని ప్రొఫైలింగ్ (మెమరీ ఎవరు తీసుకున్నారో నమోదు చేయడం) ఆన్ చేసి బిల్డ్ చేసి, కోడ్ మార్చకుండా లైబ్రరీని ముందే ఎక్కించే ఎల్‌డీ ప్రీలోడ్‌తో లైవ్ సర్వర్ మీదే పెట్టాం. అది ప్రతి అలొకేషన్‌నీ పట్టుకోదు, డిఫాల్ట్‌గా సగటున 512 కేబీకి ఒకటి శాంపిల్ తీస్తుంది, అందుకే లైవ్‌లో కూడా భరించగలిగాం. ఒక్క డంప్ (ఆ క్షణానికి తీసిన ఆ నమోదు) చూస్తే ఏమీ తెలియదు, పెద్దగా ఉన్నవన్నీ దోషుల్లాగే కనిపిస్తాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీసి, మొదటిదాన్ని బేస్‌గా ఇచ్చి తేడా చూడాలి. మా తేడాలో ఒకే ఒక్క కాల్ స్టాక్ (మెమరీ తీసుకున్న ఫంక్షన్ పిలుపుల వరస) పైకి తేలింది, అది సెషన్ (ఒక్కో క్లయింట్ కనెక్షన్ వివరాలు) సృష్టించే ఫంక్షన్‌ది.

క్లయింట్ మామూలుగా కనెక్షన్ మూసేస్తే సెషన్‌ని మ్యాప్‌లోంచి తీసేస్తున్నాం, టైమవుట్ థ్రెడ్ సాకెట్ మూసేస్తే మాత్రం తీయడం లేదు. ఆ కోడ్ రాసింది నేనే. మా లోడ్ టెస్ట్‌లో క్లయింట్లందరూ బుద్ధిగా రెస్పాన్స్ పూర్తిగా చదివి వెళ్లేవాళ్లే కాబట్టి అది ఎప్పుడూ బయటపడలేదు, మధ్యలో వేలాడుతూ ఉండిపోయే క్లయింట్లని టెస్ట్‌లో కలిపిన గంటకే గ్రాఫ్ ఎక్కడం మొదలైంది. తర్వాత తీసేసే పనిని సెషన్ డిస్ట్రక్టర్‌కి ఇచ్చేశాం, మ్యాప్‌లో వీక్ పాయింటర్ (ఆబ్జెక్టుని బతికించి ఉంచని పాయింటర్) మాత్రమే ఉంచాం.

ఇంకొకటి, మీరు పీథ్రెడ్స్ (థ్రెడ్‌ల లైబ్రరీ) నేరుగా వాడుతుంటే ప్రతి థ్రెడ్‌కీ జాయిన్ (ముగిసేదాకా ఆగడం) గానీ డిటాచ్ (దాని మానాన వదిలేయడం) గానీ ఉందో లేదో చూడండి, లేకపోతే పని ముగిసిన థ్రెడ్ స్టాక్ (దానికి కేటాయించిన మెమరీ) అలాగే ఉండిపోతుంది. డంప్‌ల తేడా తీశాక పైన ఏ ఫంక్షన్ వచ్చిందో రాయండి, నేనూ చూస్తాను.