నెల్లూరు సిటీ మాజీ ఎమ్మెల్యే అనిల్ కుమార్ యాదవ్ ఎన్నిసార్లు గెలిచారు?

రెండుసార్లు, 2014లో ఒకసారి, 2019లో ఇంకోసారి, రెండూ వైసీపీ తరఫునే. కానీ ఆయన కథ మొదలైంది ఓటమితో. పునర్విభజనలో నెల్లూరు సిటీ, రూరల్‌గా విడిపోయాక 2009లో సిటీకి జరిగిన మొదటి ఎన్నికలో కాంగ్రెస్ టికెట్ మీద నిలబడి, ప్రజారాజ్యం అభ్యర్థి ముంగమూరు శ్రీధర కృష్ణారెడ్డి చేతిలో 90 ఓట్లతో ఓడిపోయారు. తొంభై అంటే ఎంత, పొద్దున్నే ఒక బూత్ ముందు నిలబడే క్యూ అంత, అంతే! 2014లో మళ్లీ అదే శ్రీధర కృష్ణారెడ్డి, ఈసారి టీడీపీ నుంచి. గెలుపు మాత్రం అనిల్‌ది. 2019లో అసలు టెన్షన్: ఎదురుగా అప్పటి టీడీపీ మంత్రి నారాయణ, చివరికి మెజారిటీ 1,988. ఆ వెంటనే జలవనరుల మంత్రి అయ్యారు, 2022 ఏప్రిల్‌లో జగన్ కేబినెట్ మార్చినప్పుడు పదవి పోయింది. 2024లో పార్టీ ఆయన్ని ఏకంగా నరసరావుపేట ఎంపీ సీటుకు పంపింది, అక్కడ లావు శ్రీకృష్ణదేవరాయలు గెలిచారు. పెన్నా ఒడ్డున పెరిగిన మనిషిని పల్నాడుకి పంపడం నాకైతే అప్పుడే వింతగా అనిపించింది. సిటీ సీటు ఈసారి నారాయణకు వెళ్లింది.