‘ఏం లేదు బిడ్డా’ అనే మామయ్య నొప్పిని ఎట్లా కొలవాలి?

ప్రశ్న: మా మామయ్యకు 68 ఏళ్లు. హైదరాబాద్‌లో బైపాస్ చేయించి ఇంటికి తెచ్చుకున్నాం. ఆస్పత్రిలో నర్సు ‘సున్నా నుంచి పది వరకు, నొప్పి ఎంతుంది పెద్దాయనా?’ అని అడిగినప్పుడల్లా ‘ఏం లేదు బిడ్డా, రెండు రాసుకో’ అనేవారు. ఇక్కడేమో దగ్గొస్తే మింగేస్తున్నారు, బిళ్ల వద్దంటున్నారు. ఆ నంబరుకు అసలు అర్థముందా?
– ఓ కోడలు, దేవరకొండ

జవాబు: ఉందమ్మా. కానీ కదలకుండా పడుకున్నప్పుడు అడిగితే రెండే అంటారు, అది అబద్ధమూ కాదు. బైపాస్‌లో రొమ్ము ఎముకను నిలువునా కోసి తీగలతో బిగిస్తారు, అతకడానికి 6 నుంచి 8 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, ఈలోగా అసలు నొప్పి తెలిసేది దగ్గినప్పుడు, గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు, మంచం మీద నుంచి లేచినప్పుడు. కాబట్టి దిండును ఛాతీకి హత్తుకుని దగ్గమని, వెంటనే అడగండి. దగ్గు మింగితే కఫం పేరుకుని న్యుమోనియా దాకా పోవచ్చు, ఇందులో ఓర్పు చూపించి గెలిచేదేం లేదు.

పది లెక్క ఎక్కకపోతే రూపాయి లెక్క పెట్టండి. ఇక భరించలేననే నొప్పి రూపాయైతే ఇప్పుడున్నది చారాణానా, ఆఠాణానా, బారాణానా? మన పెద్దవాళ్లు దీనికి టక్కున జవాబు చెప్తారు. దాన్ని ఆయన నిన్నటి లెక్కతోనే పోల్చండి, బైపాస్ అయిన ఇంకొకాయనతో కాదు. కాలి నుంచి రక్తనాళం తీసి ఉంటే ఆ గాయం సంగతి విడిగా అడగాలి.

నోటితో చెప్పకపోయినా ఒళ్లు చెప్తుంది. ఐసీయూలో గొట్టంతో ఉండి మాట్లాడలేని వాళ్లకు ముఖం, కదలికలు, కండరాల బిగుతు, వెంటిలేటర్‌తో ఇబ్బంది చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులేస్తారు, మొత్తం 8. మీరూ ఆయన లేచేటప్పుడు నుదురు, పిడికిలి చూడండి. నాడిని మాత్రం నమ్ముకోకండి, గుండె మందులు దాన్ని ఎట్లాగూ తగ్గించి ఉంచుతాయి.

బిళ్ల సంగతికొస్తే, డాక్టర్ రాసింది వేళకు వేయండి, నొప్పి ముదిరేదాకా ఆగొద్దు. మెడికల్ షాపులో అడిగి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి తెచ్చి వేయడం మాత్రం వద్దే వద్దు, బైపాస్ అయినవాళ్లకు అవి ప్రమాదం.

తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగినా, ఎముక టక్కుమని కదిలినట్టున్నా, జ్వరం, చీము కనిపించినా ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు అదే రోజు ఫోన్ చేయండి. చెమటలు పట్టి ఆయాసంతో ఛాతీ బిగపట్టినా, నొప్పి చెయ్యికో దవడకో పాకినా, అప్పుడు చారాణా బారాణా అడగకుండా 108కి కొట్టండి.