ఆవిడ గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు మా గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లోకి వచ్చేశాయి. అంతకు ఏడాది ముందే మోటారు కరెంటు బిల్లు దగ్గర గొడవై, పై వాటా అక్కవాళ్లతో మాకు మాటల్లేవు. అయినా మంచాన ఉన్న మా అత్తగారితో సహా అందర్నీ ఆవిడే పైకి తీసుకెళ్లి ఆరు రోజులు ఉంచుకున్నారు. తర్వాత మావారు కవరులో డబ్బు పెట్టి ఇస్తే తీసుకోలేదు. అప్పటి నుంచి ఆవిడ ఎదురైతే నాకు మొహం చెల్లడం లేదు. ఉప్మా పెట్టి పంపిన గిన్నె కూడా ఇంకా తిరిగివ్వలేదు.

జవాబు: మీవారి ఉద్దేశంలో తప్పేం లేదమ్మా. మునిగిన గ్రౌండ్ ఫ్లోర్‌కు ప్రభుత్వం 25,000 ఇచ్చింది, పై అంతస్తులకు 10,000. మనకే ఎక్కువొచ్చింది, కొంత ఇద్దామనుకుని ఉంటారు. కానీ పడవలోనో హెలికాప్టర్‌లోనో వస్తే తప్ప తాగే నీళ్లు లేని రోజులవి. ఉన్న కాసిని నీళ్లలోనే మీ అత్తగారి మాత్రలకని ఒక సీసా దాచిన మనిషికి కవరు ఇస్తే, లెక్క తేల్చేసుకున్నట్టు అనిపించదూ!

మీ ఉత్తరం ఇక్కడ కుదించాను గానీ, అందులో సగం మోటారు గొడవే. ‘అందరి ముందూ ఆవిడను అనరాని మాట అన్నాను’ అని రాసి కొట్టేశారు. అయినా చదవగలిగాను. మీరు ఆవిడకు బాకీ ఉన్నది ఆ మాటకు క్షమాపణ. మీరొక్కరే వెళ్లి చెప్పండి, మధ్యాహ్నం ఆవిడ పని అయ్యాక. ‘మీరు ఇంత చేశారు కాబట్టి’ అని మాత్రం మొదలుపెట్టొద్దు. వరద రాకపోయినా ఆ మాట తప్పే కదా.

గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని మీకు తెలుసు. ఇంట్లో చేసిన పులిహోర పెట్టండి. స్వీట్ల ప్యాకెట్ వద్దు, అదీ కవరులాగే ఉంటుంది. ‘ఎప్పటి మాటో, వదిలెయ్’ అని ఆవిడ తోసేస్తే పట్టుబట్టకుండా టీ తాగి రండి. రెండ్రోజులాగి మీరే ఏదైనా అడగండి: కరివేపాకు రెబ్బో, గ్యాస్ బండ వస్తే కాస్త తీసుకోమనో. మీరు అడగడం మానేశాక ఆవిడ మాత్రం మిమ్మల్ని ఏం అడుగుతారు?

వాన పడితే నిద్ర పట్టక, మంచం దిగి నేల తడి చూసుకుంటున్నానని చివర్లో రాశారు. అంత పెద్ద వరద చూశాక అలా ఉండటం వింతేం కాదు. కానీ ఇన్నాళ్లయినా తగ్గలేదు కాబట్టి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పై అక్కతో కూడా ఈ సంగతి చెప్పండి. వాన రాత్రుళ్లు ఆవిడకూ నిద్ర పట్టడం లేదేమో.