బ్లష్ ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: నాది గుండ్రని ముఖం, చామనఛాయ. బ్లష్ వేసుకున్న ప్రతిసారీ బుగ్గల మీద రెండు ఎర్రబిళ్లలు అతికించినట్టు కనబడుతోంది. సద్దుల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడికి వెళ్లేటప్పుడు, కాంటూర్ (ముదురు రంగుతో ముఖం మీద నీడలు దిద్దడం) జోలికి పోకుండా, బ్లష్‌తోనే ముఖానికి కాస్త తీరు తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: తప్పకుండా తెచ్చుకోవచ్చు. మీ ఇబ్బంది రంగుతో కన్నా, దానిని వేస్తున్న చోటుతోనే వస్తున్నట్టుంది. నవ్వి, ఉబ్బిన బుగ్గ మీద బ్లష్ వేసుకోవాలని చాలామంది చెబుతారు. అయితే నవ్వు ఆగగానే ఆ బుగ్గ కిందికి జారుతుంది, దానితోపాటు రంగు కూడా పెదవుల వైపు దిగుతుంది. కోలముఖానికి అది బాగానే ఉంటుంది గానీ, గుండ్రని ముఖాన్ని మరింత గుండ్రంగా చూపుతుంది.

అద్దం ముందు నవ్వకుండా కూర్చుని, చెవి ముందు నుంచి ముక్కు వైపు వేలితో మెల్లగా తడిమితే చెంప ఎముక గట్టిగా తగులుతుంది. రంగు ఉండవలసింది ఆ ఎముక మీదే. కంటి నల్లగుడ్డు నుంచి నిలువుగా ఒక గీత ఊహించుకుంటే, రంగు ఆ గీత దాటి ముక్కు వైపు రాకూడదు, ముక్కు కొన కన్నా కిందికీ దిగకూడదు. బ్రష్‌ను మొదట ఆనించిన చోటనే రంగు ఎక్కువగా అంటుకుంటుంది కనుక, దానిని ఒకసారి దులిపి, కంటి బయటి కొనకు సూటిగా కింద ఎముక మీద ఆనించి, అక్కడి నుంచి కణత వైపు పైకి పలచబరుస్తూ పోవాలి. రంగు ఎక్కడ ముగిసిందో మీకే తెలియనంతగా అంచులు కలిసిపోతే చూసేవారి కన్ను కూడా పైకే పోతుంది, ముఖం సాగినట్టు కనిపిస్తుంది.

చామనఛాయ మీద తెలుపు ఎక్కువగా కలిసిన లేత గులాబీ రంగులు బూడిద పూసినట్టు తేలుతాయి. కాల్చిన ఇటుక రంగు, నేరేడు పండు రంగు డబ్బాలో చూస్తే భయపెడతాయి గానీ, చర్మంలో చక్కగా ఇమిడిపోతాయి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి ఆడేటప్పుడు చెమట పట్టక మానదు కాబట్టి, ముందు క్రీమ్ బ్లష్‌ను వేలితో అద్ది, దాని మీద అదే రంగు పౌడర్‌ను పలచగా వేయండి. ఈ వరుస తారుమారైతే చెంప మీద పిండి అట్టకట్టినట్టవుతుంది. ట్యూబ్‌లైటు కింద బీరువా అద్దంలో చూసుకుని చాలలేదని మళ్లీ మళ్లీ వేసుకోవడం మనలో చాలామందికి అలవాటు, నాకూ ఉండేది. చిన్న అద్దం పట్టుకుని వాకిట్లోకి వెళ్లి, పొద్దు ఉండగానే ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: బ్లష్ కొనడం దేనికి, కాస్త కుంకుమ అద్దుకుంటే సరిపోదా అని మా అమ్మమ్మ అంటున్నది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మమ్మ మాటకు అడ్డు చెప్పడం నాకూ కష్టమే, కానీ వద్దు. పసుపులో సున్నం కలిపి చేసిన కుంకుమలోనూ ఆ సున్నపు ఘాటు మిగిలి ఉండవచ్చు, బజారు కుంకుమలో కృత్రిమ రంగులు కలిసే అవకాశమూ ఉంది. బొట్టు పెట్టుకునే చోట కొందరికి దురద, నల్లమచ్చ రావడం మీరు చూసే ఉంటారు. మీ పెదవులకు పడిన లిప్‌స్టిక్ ఉంటే, దానిని చేతి వెనుక కాస్త రుద్ది, ఉంగరపు వేలితో చెంప ఎముక మీద అద్దుకోవచ్చు. అయితే ముందురోజే చెవి వెనుక కొంచెం రాసి, మంట గానీ దురద గానీ లేదని చూసుకోండి.